బసమ్మ జోడు లెక్క

ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో బాలవాడి నడిచిన కాలం నాటి హాజరు పట్టీలన్నీ తిరగేసినా బసమ్మ పేరు ఒక్క చోట కూడా కనపడదు. టీచరు పేరుంటుంది. ఉప్మా వండే ఆయా పేరుంటుంది. ఏడాదికోసారి వచ్చి, గోడల వైపు ఒక చూపు చూసి, సంతకం గీకి వెళ్ళిపోయిన పెద్దమనుషుల పేర్లు కూడా ఉంటాయి. తొమ్మిదేళ్ళ పాటు అందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనక ఇంటికి పోయిన మనిషి పేరు మాత్రం లేదు. కాగితాల బుద్ధే అంత. అందుకే ఆమె సంగతి ఇట్లా చెప్పుకోవాల్సి వస్తోంది.

బాలవాడి పెట్టిన డెబ్భై ఏడులో బసమ్మకు అరవై దాటాయి. మొగుడు శివయ్య పోయి అప్పటికి ఆరేళ్ళు. కొడుకు మల్లన్న మగ్గం నేస్తే ఆమె రాట్నం ముందు కూర్చుని నూలును కండెలకు చుట్టేది. చూపు తగ్గింది గాని నోరు తగ్గలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అందరూ అంటారు. బసమ్మ ఆ మాటను తిరగేసి చెప్పేది. ముందు ఊరు మంచిదైతే తన నోరు దానంతటదే మంచిదవుతుందని, అంతదాకా తనను ఎవరూ ఏమీ అనవద్దని ఆమె పంతం.

మగ్గం ఆడాలంటే ఇంటిల్లిపాదీ పనిలో ఉండాల్సిందే. మగవాడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే ఆడవాళ్ళు కండెలు చుట్టాలి, పొడవు పోగుల్ని సాగదీసి ఆసు పోయాలి, ఆ పడుగును వీధిలో బారుగా పరిచి గంజి పెట్టాలి. మరి అప్పుడే నడక నేర్చి, కనిపించిన ప్రతి నూలు పోగునూ నోట్లో పెట్టుకునే పిల్లల్ని ఎవరు చూడాలి? ఇంటి ముసలివాళ్ళు చూడాలి. బసమ్మ అరుగు మీద ఎప్పుడు చూసినా ఏడెనిమిది మంది ఉండేవాళ్ళు. వాళ్ళలో ఆమె సొంత మనవలు ఇద్దరే. మిగతా వాళ్ళు ఎవరి పిల్లలని అడిగితే వీధి పిల్లలనేది.

ఆమె వాళ్ళను ఊరికే కూర్చోబెట్టేది కాదు. ఒక పడుగు నేయడం అయిపోయాక దాని కొసల్ని మగ్గం అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు పోగుల్ని ఆ పాత కొసలకు ఒక్కొక్కటే అతకాలి. వేళ్ళకు చిటికెడు బూడిద రాసుకుని, రెండు కొసల్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క నలుపు నలిపితే అవి విడిపోకూడదు. బసమ్మ పిల్లల చేతికి తెగిన పోగులిచ్చి, మధ్యలో బూడిద చిప్ప పెట్టి ఈ పని నేర్పేది. నాలుగేళ్ళ పిల్లలు నాలుక బయటికి పెట్టి, ఊపిరి బిగబట్టి పోగులు నలుపుతుంటే చూడముచ్చటగా ఉండేది. అతికింది తెగితే తిట్టు, నిలిస్తే బెల్లం ముక్క. తిట్టు కూడా తీపిగానే ఉండేదని ఆ పిల్లలు పెద్దయ్యాక చెప్పుకున్నారు.

లెక్క కూడా ఆ పోగులతోనే నేర్పేది. ఆ వీధిలో ఆసు పోసేటప్పుడు రెండు పోగుల్ని కలిపి ఒకేసారి నడిపిస్తారు. రెండు పోగులు కలిస్తేనే ఒకటని లెక్క. ఒంటి పోగు లెక్కకు రాదు. జోడు దొరక్క మిగిలిన దాన్ని పక్కన పెట్టి, "ఇది ఎదురు సూస్తాండాది" అంటారు. బసమ్మకు ఈ లెక్క వాళ్ళవ్వ నేర్పింది. ఆమెకు ఆమె అవ్వ. అందుకని ఆ వీధి పిల్లల ముందు పది చింతగింజలు పోస్తే రెండేసి చొప్పున పక్కకు జరిపి, తడుముకోకుండా అయిదు అనేవాళ్ళు. నీకు కాళ్ళెన్ని అని అడిగితే ఒకటి అని చెప్పిన వాళ్ళూ ఉన్నారు.

ఈ లెక్క దగ్గరే బసమ్మ గుండెలో ముల్లు ఒకటి విరిగి ఉండిపోయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మల్లన్న అతికేటప్పుడు కుడిచేతి చూపుడువేలు వాడడని, నడిమివేలితో నలుపుతాడని వీధిలో అందరికీ తెలుసు. ఆ వేలి కణుపు వంకర తిరిగి ఉంటుంది. ఎందుకని అడిగితే చిన్నప్పుడెప్పుడో దెబ్బ తగిలిందనేవాడు. ఇంకో సంగతి కూడా అందరికీ తెలుసు. మల్లన్న ఎంత పెద్ద అంచునైనా మనసులోనే లెక్క కట్టి నేస్తాడు గాని, పైకి నోరు తెరిచి ఎంత అని చెప్పడు. అడిగితే, "అమ్మనడుగు" అంటాడు. నలభై ఏళ్ళకు దగ్గర పడుతున్న మగవాడు.

బాలవాడికి ఇచ్చిన గదిలో అంతకుముందు మగ్గం ఉండేది. మగ్గం విప్పేసినా కాళ్ళు పెట్టుకునే గుంత అట్లాగే ఉండిపోయింది. దాని మీద పలకలు పరిచి గోడకు సున్నం కొట్టారు. టీచరుగా ఆదోని నుంచి గిరిజ వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆమె నాన్న నరహరి ఆదోనిలో పంతులు. వాళ్ళింట్లో తాతల కాలం నుంచి అందరూ పంతుళ్ళే. రోజూ పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేది. ఆమె తెచ్చిన రంగుల బొమ్మల కాగితాలు గోడకు తగిలించి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, బెత్తంతో ఒక్కో బొమ్మనూ చూపించడం మొదలుపెట్టింది. మూడో రోజుకు గదిలో గిరిజ, ఆయా పుల్లమ్మ, ఉప్మా గిన్నె మిగిలాయి. పిల్లలందరూ బసమ్మ అరుగు మీద ఉన్నారు.

గిరిజ మొహం చిన్నబుచ్చుకుని అక్కడికే వచ్చింది.

"ఏమవ్వా, పిల్లల్ని అందర్నీ ఈడ కూర్చోబెట్టుకుంటే నేను ఆడ ఎవరికి చెప్పేది?"

"నేను కూర్చోబెట్టుకోలేదు టీచరమ్మా. వాళ్ళే వచ్చి కూర్చున్నారు. నువ్వు గోడకు తగిలించినావే, మొదటి బొమ్మలో ఎర్రగా ఉండాది, ఆ పండు పేరేంది?"

"ఆపిలు."

"ఈ వీధిలో దాన్ని ఎవురైనా తిన్నారా?"

గిరిజకే నవ్వొచ్చింది. "నేను కూడా తినలేదవ్వా," అంది.

ఆ ఒక్క మాటతో ఆ పిల్ల బసమ్మకు నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పే పంతులును ఆమె అంతవరకు చూడలేదు. మర్నాడు తన రాట్నాన్ని కోడలికి అప్పగించి, బూడిద చిప్ప పట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని బాలవాడికి పోయింది. పోగానే గుంత మీది పలకలు రెండు లాగి పారేసి, అందులోకి కాళ్ళు దించి కూర్చుంది. పిల్లలు పడతారేమోనని గిరిజ భయపడింది. "మగ్గం గుంతలో పడిన పిల్లోడు ఈ వీధిలో యాడా లేడు. నేల మీద కూర్చుంటే నేను లేయలేను. కుర్చీ మీద కూర్చుంటే వాళ్ళు తల పైకెత్తి సూడాల. ఈడైతే వాళ్ళ కండ్లు, నా కండ్లు ఒక్క ఎత్తులో ఉంటాయి," అంది బసమ్మ. కూర్చున్న పిల్లల ముఖాలకు ఆమె ముఖం నిజంగానే సరిగ్గా ఎదురుగా వచ్చింది. గిరిజ కూడా కుర్చీ గోడకు జరిపేసి కింద కూర్చోవడం ఆ రోజు నుంచే మొదలైంది.

రెండేళ్ళు బాగా జరిగింది. గిరిజ పాటలు నేర్పేది, పలక పట్టించేది. పోగులు నలిపిన వేళ్ళు కాబట్టి బలపం పట్టడం పిల్లలకు ఒక పనిలాగే అనిపించలేదు. బసమ్మ కథలు చెప్పేది, ఏ ఆకు నమిలితే చేదో, ఏ ఎండకు పడుగు ఆరుతుందో చెప్పేది, జోడు లెక్క నేర్పేది. ఇద్దరి మధ్య తగాదాలు లేవని కాదు. వారానికి రెండు ఉండేవి. అవి సాయంత్రం బస్సు టైముకు సర్దుకునేవి.

డెబ్భై తొమ్మిది వానాకాలంలో వెంకటరామయ్య వచ్చాడు. బాలవాడీలకు ఉప్మా నూకలు, టీచరు జీతం ఇచ్చే పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే సగం బాధే ఉండేది. తనకు తెలిసిందే లోకమని నిజంగా నమ్మిన మంచివాడు, అటువంటి వాళ్ళతోనే వేగడం కష్టం. తెల్ల పంచె కట్టుకుని, చంకలో పుస్తకం పెట్టుకుని లోపలికి వచ్చి, ముందుగా గుంతను చూశాడు. తర్వాత గుంతలో ఉన్న ముసలమ్మను చూశాడు. కుర్చీలో కూర్చుని, నేతగాడు ఉచ్చీరప్ప మనవరాలు రామక్కను పిలిచాడు. దానికి నాలుగేళ్ళు దాటి అయిదో ఏడు నడుస్తోంది. జేబులోంచి చింతగింజలు తీసి దాని ముందు పదింటిని వరసగా పెట్టాడు.

"ఎన్ని ఉన్నాయమ్మా?"

రామక్క రెండేసి గింజలు పక్కకు జరిపింది. "అయిదు," అంది.

"సరిగ్గా చూసి చెప్పు."

మళ్ళీ జరిపింది. మళ్ళీ అయిదే. పక్కవాడిని పిలిస్తే వాడూ అయిదే అన్నాడు. ఎనిమిది మందిని అడిగితే ఎనిమిది మందీ అదే మాట చెప్పారు. వెంకటరామయ్య పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టాడు. గిరిజ ఎర్రబడిన మొహంతో అది ఇక్కడి జోడు లెక్క అని, నేతపనిలో అట్లా లెక్కపెడతారని చెప్పబోయింది. "బాలవాడిలో నేర్పాల్సింది నేతపని కాదమ్మా," అని ఆయన తలెత్తకుండానే అన్నాడు. "రెండేళ్ళలో ఒక్కరికీ పది వరకు లెక్క రాలేదు. ఈ ముసలమ్మ ఎవరు? చదువుకుందా?"

చింతగింజలు చూసినప్పటి నుంచే బసమ్మకు పాత సంగతి ఒకటి గుర్తుకొస్తోంది. ఇప్పుడు గుంతలోంచే మాట్లాడింది.

"సారూ, తమరు కట్టుకున్న పంచె యాడ నేసినారు?"

"అదెందుకు?"

"ఈడనో, ఈ సుట్టుపక్కలనో నేసింటారు. జోడు లెక్కతోనే నేసింటారు. మా లెక్క తప్పయితే ఆ పంచె తమరి నడుముకు నిలిచేది కాదు."

గుమ్మం దగ్గర గుంపుగా నిలబడిన నేతగాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. వెంకటరామయ్య చెయ్యి తెలియకుండానే నడుము దగ్గరికి పోయింది. అది చూసి ఇంకా నవ్వారు. నవ్వుతో పని చెడింది. పుస్తకం టప్పున మూసి, నెల రోజుల్లో మళ్ళీ వస్తానని, అప్పటికి పిల్లలకు లెక్క రావాలని, ముసలమ్మ ఈ గదిలో కనపడకూడదని, కనపడితే బాలవాడి ఎత్తేయమని పైకి రాస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం శివయ్య తమ్ముడు నీలకంఠం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో నాలుగు మాటలు చెప్పగలిగినవాడు ఆయనే.

"వదినా, ఒక్క నెల ఇంటి పట్టున ఉండు. ఆయప్ప వచ్చిపోయినాక మళ్ళా పోదువు. బాలవాడి పోతే ఆడోళ్ళకు కండెలు సుట్టేదానికి తీరికుండదు. పిల్లోళ్ళ మద్దేనం తిండి పోతుంది. నీ నోటికోసరం వీధంతా పరేషాన్ కావాల్నా?"

"నేనేం తప్పు సేసినానని ఇంట్లో కూర్చునేది?"

"తప్పని ఎవురన్నారు? పెద్దోళ్ళతో మనకేమిటికి?"

"నేను కూడా పెద్దదాన్నే నీలకంఠం. నిన్ను ఈ అరుగు మీదే కూర్చోబెట్టి పోగు నలిపేది నేర్పినాను. అప్పుడు నీ ముక్కు నేనే తుడిసినా."

నీలకంఠం తువ్వాలు దులుపుకుని లేచాడు. మనసులో ఆయనకూ వదిన మాటే సరైనదనిపించింది గాని, సరైనదానికీ జరగాల్సినదానికీ మధ్య నలిగి నలిగి అలసిపోయిన మనిషి. వదినను రేపటి నుంచి లోపలికి రానీయవద్దని, బస్సుకు బయలుదేరుతున్న టీచరమ్మకు చెప్పి పోయాడు. మల్లన్న మగ్గం గుంతలోంచి ఇదంతా విన్నాడు. పోగు నడిపే నాడెను ఆడించడం ఆపలేదు.

మర్నాడు గిరిజ బస్సు దిగి వచ్చేసరికి బాలవాడి గుమ్మంలో బసమ్మ కూర్చుని ఉంది. పక్కన బూడిద చిప్ప ఉంది. గిరిజ తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ దొరకదు. ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, ఉద్యోగం ఉన్నంతవరకే వాటిని వాయిదా వేయగలదు.

"అవ్వా, ఇవాళ వద్దు. నా మాట విను."

"వింటాను. ముందు నువ్వు నా మాట విను. జరిగింది నా మొగుడు కండ్లతో సూసినాడు గాని, నా కడుపులో ఉండేది ఆయప్పకు కూడా సెప్పలేదు."

అప్పుడు చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు మల్లన్నను బడిలో వేశారు. ఆరేళ్ళవాడు. మొదటి వారంలోనే పంతులు పది చింతగింజలు వేసి ఎన్ని అని అడిగితే అయిదన్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ అయిదన్నాడు. ఎన్నిసార్లడిగినా తనకు తెలిసిన నిజమే చెప్పాడు. పంతులు వాడి చేతిని బల్ల మీద బోర్లా పెట్టించి రూళ్ళకర్రతో కణుపుల మీద కొట్టాడు. ఒక వేలు విరిగింది. ఇంటికి వచ్చినవాడు ఏడవలేదు. రాట్నం ముందు కూర్చున్న తల్లి దగ్గరికి వచ్చి, "అమ్మా, అయిదే గదా?" అని అడిగాడు. ఇంట్లో శివయ్య ఉన్నాడు, మామ ఉన్నాడు, పంతులు పంపించిన మనిషి గుమ్మంలో ఉన్నాడు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"నేనేమన్నానో తెలుసునా టీచరమ్మా? పది అని సెప్పల్ల గదరా ఎద్దూ, అన్నాను. అయిదని నేర్పింది నేనే. నా నోటితోనే తప్పన్నాను. వాడు మళ్ళా బడికి పోలేదు. మళ్ళా నన్ను ఏ లెక్కా అడగలేదు. ముప్పై రెండేండ్లాయె. లోకమంతా నన్ను నోరు పెద్దదంటాది. ఆ పొద్దు ఆ నోరు యాడికి పోయిందో నాకు తెల్దు. ఈ పొద్దు మాత్రం లేయను. నువ్వు తాళం తీయకుంటే గుమ్మంలోనే కూర్చుంటా."

పిల్లలు ఒక్కరొక్కరే వచ్చి బసమ్మ చుట్టూ కూర్చున్నారు. ఆఖరుకు గిరిజ తాళం తీసింది. తీసింది గాని లోపలికి దారి ఇవ్వలేదు. పంతుళ్ళ ఇంటి పిల్ల కదా, ఆమెకూ ఒక మొండితనం ఉంది.

"అవ్వా, నేను ఒకటంటాను, కోపం చేసుకోవద్దు. మల్లన్నను పంతులు కొట్టింది తప్పే. కానీ బయట వేరే లెక్క ఉందని వాడికి నువ్వు కూడా చెప్పలేదు గదా. ఉత్త చేతులతో పంపించినావు. ఈ రామక్కను కూడా అట్లే పంపిస్తావా?"

బసమ్మకు కోపం రావాల్సింది. రాలేదు. ఈ మాట తనకెందుకు తట్టలేదని, ముప్పై రెండేళ్ళుగా ఆ పంతులునూ తననూ తిట్టుకోవడమే సరిపోయిందని ఆమె ఆలోచిస్తూ ఉండిపోయింది. చివరికి, "రెండూ నేర్పుదాం," అంది. "ఒంటి లెక్క నువ్వు నేర్పు. జోడు లెక్క నేను నేర్పుతా. అయితే ఒక్క షరతు. మన లెక్కను ఇంట్లో దాసిపెట్టి, వాళ్ళ లెక్కను బడిలో సెప్పేది లేదు. ఎవురు అడిగినా మన పిల్లోళ్ళు ముందు ఎదురు అడగల్ల."

ఆ నెలంతా బసమ్మ గుంతలోనే ఉంది. నీలకంఠం రెండుసార్లు వచ్చి చూసి, తల విదిలించి పోయాడు. కొందరు తల్లులు భయపడి పిల్లల్ని పంపడం మానేశారు. బసమ్మ వాళ్ళ ఇళ్ళకే పోయి, కండెలు చుట్టే చేతుల్లోంచి పిల్లల్ని లాక్కున్నంత పని చేసి తీసుకొచ్చింది. పొద్దున గిరిజ లెక్క, ఉప్మా తిన్నాక అవ్వ లెక్క. పిల్లలకు ఇది ఆటయింది. పెద్దవాళ్ళకు ఇది తల తిరిగే గొడవ గాని, వాళ్ళకు అందులో కష్టమేమీ కనపడలేదు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే ఊళ్ళో పెరిగేవాళ్ళు మరి.

చెప్పినట్టే నెల తిరిగేసరికి వెంకటరామయ్య వచ్చాడు. ఈసారి ప్యాంటు వేసుకుని వచ్చాడు. ఆ సంగతి వీధి అంతా గమనించింది, ఎవరూ నవ్వలేదు. మగ్గాలు ఆపి మగవాళ్ళు గుమ్మం దగ్గర చేరారు. మల్లన్న కూడా వచ్చి అందరికీ వెనక నిలబడ్డాడు. తలమీద నూలు దుమ్ము అట్లాగే ఉంది. వెంకటరామయ్య గుంతలో కూర్చున్న బసమ్మను చూసి, చూడనట్టే రామక్కను పిలిచి పది చింతగింజలు పెట్టాడు.

"ఎన్ని?"

రామక్క గింజల్ని ముట్టుకోలేదు. ఆయన మొహంలోకి చూసింది.

"యే లెక్క సారూ? ఒంటి లెక్కా, జోడు లెక్కా?"

వెంకటరామయ్య పెన్ను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "లెక్క ఒకటే ఉంటుంది. ఎన్నో చెప్పు," అన్నాడు.

"ఒంటి లెక్కకు పది. జోడు లెక్కకు అయిదు. నీకు యేది గావాల?"

ఆయన జేబులోంచి ఇంకో గింజ తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడెన్ని అని అడగలేదు, ఊరికే చూపించాడు.

"ఒంటి లెక్కకు పదకొండు," అంది రామక్క. తర్వాత రెండేసి జరుపుకుంటూ పోయింది. "జోడు లెక్కకు అయిదు. ఒకటి ఎదురు సూస్తాండాది."

మిగతా పిల్లల్ని కూడా అడిగాడు. అందరూ ముందు ఏ లెక్క అని అడిగారు, తర్వాత చెప్పారు. ఒకడు మధ్యలో తప్పు చెప్పి, పక్కవాడు గిల్లితే దిద్దుకున్నాడు. చివరికి వెంకటరామయ్య కుర్చీ తిప్పి బసమ్మ వైపు కూర్చున్నాడు. కుర్చీలోంచి చూడాలంటే ఆయన బాగా తల వంచాల్సి వచ్చింది.

"నిన్ను ఈ గదిలో ఉండొద్దన్నాను."

"అన్నారు సారూ."

"టీచరువు కావు, ఆయావు కావు. మరి ఇక్కడ నువ్వెవరు?"

"అవ్వను."

"అవ్వ అనే ఉద్యోగం మా కాగితాల్లో లేదు."

"లేకుంటే మానె. కాగితాలు పుట్టక ముందు నుంచి మేము పిల్లోళ్ళను పెంచుతాండాము. తమరికి కూడా ఒక అవ్వ ఉండే ఉంటాది. ఆమె ఏ కాగితం సూపించి తమరికి మాటలు నేర్పింది?"

వెంకటరామయ్య పుస్తకంలో ఏదో రాసుకుని, రామక్క తల మీద చెయ్యి వేసి, లేచి వెళ్ళిపోయాడు. బాలవాడి ఎత్తేయలేదు. ఆయన రాసిన కాగితంలో పిల్లలకు లెక్క వచ్చని ఉందట, ముసలమ్మ గురించి ఒక్క ముక్క కూడా లేదట. రాయకపోవడమే ఆయన చేసిన మేలని గిరిజ అనేది. మేలూ లేదు పాడూ లేదు, రాయడానికి ధైర్యం చాలలేదని బసమ్మ అనేది. ఎనభై ఆరులో మంచం పట్టేదాకా ఆమె ఆ గుంత వదల్లేదు.

అయితే ఆ రోజు వెంకటరామయ్య పోయాక జరిగింది చెప్పాలి. గుమ్మం దగ్గరి మగవాళ్ళు మగ్గాల మీదికి మళ్ళారు. పుల్లమ్మ ఉప్మా గిన్నె దించింది. పిల్లలు పళ్ళేల కోసం లేచారు. మల్లన్న ఒక్కడే మిగిలాడు. వీధిలో నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, గడప దాటి లోపలికి వచ్చాడు. బడి అన్న గదిలో ఆరేళ్ళప్పుడు పెట్టిన కాలు మళ్ళీ అప్పుడే పెట్టాడు. నేరుగా వచ్చి తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. గింజలు అక్కడే ఉన్నాయి. పదకొండోదాన్ని తీసి ఎడమ పిడికిట్లో పెట్టుకున్నాడు. మిగతా వాటిని ఆ వంకర వేలితో రెండేసి చొప్పున పక్కకు జరిపాడు. ఎప్పుడూ వాడని వేలు కదా, నెమ్మదిగా జరిపాడు.

"అమ్మా, అయిదు," అన్నాడు. పిల్లలందరికీ వినపడేంత గట్టిగానే అన్నాడు.

బసమ్మ చెయ్యి చాచి ఆ వేలిని పట్టుకుంది. ఆమె వేళ్ళకున్న బూడిద వాడి కణుపుకంతా అంటుకుంది.

"అయిదేరా నాయనా. ఆ పొద్దు కూడా అయిదే."